నాలుగేళ్లుగా బీరు పులియబెడుతున్న మా పాత ఫ్రిజ్

కొత్త ఫ్రిజ్ వచ్చిన రోజున పాతదాన్ని వదిలించుకుందామని ఇంట్లో అందరూ తీర్మానించారు. నేనొక్కణ్ణే అడ్డం పడ్డాను. సింగిల్ డోర్, 190 లీటర్లు, ఫ్రీజర్‌లో ఐసు గడ్డలు కట్టే పాతకాలం రకం, లోపల చేత్తో తిప్పే థర్మోస్టాట్. ఎలక్ట్రానిక్ బోర్డన్న మాటే లేదు. ఇంటికి పనికిరాదని పక్కన పెట్టడానికి ఏవి కారణాలో, నా పనికి సరిగ్గా అవే కావాలి. అది జరిగి నాలుగేళ్లు దాటింది. నోటుపుస్తకంలో లెక్క చూసుకుంటే దీన్లో పులిసినవి 46 బ్యాచ్‌లు, ఒక్కోటి 20 లీటర్లు. కొత్త మోజులో రాయడం కంటే ఇన్నాళ్లు వాడాక రాస్తే ఎవరికైనా పనికొస్తుందనిపించింది. మీరుండే చోట ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

ఫ్రిజ్‌కి ముందు నా పద్ధతి నీళ్ల టబ్బు. బకెట్‌ను టబ్బులో దించి, పూటకోసారి ఐసు సీసాలు మార్చడం. పగలు ఒక ఉష్ణోగ్రత, రాత్రి ఇంకొకటి. పైగా అప్పట్లో నాకు తెలియనిదేమిటంటే, పులిసేటప్పుడు ఈస్ట్ తనే వేడి పుట్టిస్తుంది. 5 శాతం ఆల్కహాల్ వచ్చే 20 లీటర్ల వోర్ట్‌లో (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన, ఇంకా పులియని తీపి ద్రవం) పుట్టే వేడి ఎటూ పోకుండా లోపలే ఉండిపోతే, ద్రవమంతా దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. చాలావరకు బకెట్ గోడల్లోంచి బయటికి పోతుంది గానీ, జోరుగా పొంగే రెండు మూడు రోజుల్లో లోపలి ద్రవం గది కంటే 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గది 26 అంటే లోపల 30. ఏల్ అంటే మరీ చల్లగా కాకుండా పులిసే బీరు రకం, దాని మామూలు ఈస్ట్‌కి 18, 20 మధ్య హాయి. 30 దగ్గర అది ఇష్టారాజ్యంగా పనిచేసి, గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాసనా, గొంతులో మండే ఘాటైన ఆల్కహాళ్లూ మిగులుస్తుంది. నెలలు గడిచినా ఆ ఘాటు దిగదు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) మార్చాను, హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు) మార్చాను, నీళ్లు మార్చాను. తప్పు వీటిలో దేనిదీ కాదు.

ఈ విషయం బీరు చేసేవాళ్లకు కొత్తేమీ కాదు. 1870లలో జర్మన్ ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండే తన శీతలీకరణ యంత్రాన్ని మొదట పెట్టి చూసింది మ్యూనిక్‌లో స్పాటెన్ బ్రూవరీలోనే. అంటే నేను ఫ్రిజ్‌ను బీరు పనికి పెట్టి వింతేమీ చేయలేదు, పుట్టింటికి పంపానంతే.

ఇక మార్పుల సంగతి. ఫ్రిజ్‌ను విప్పలేదు, కొయ్యలేదు, బెజ్జం పెట్టలేదు. ఈ చివరిది గట్టిగా చెబుతున్నాను. చాలా ఫ్రిజ్‌లలో వేడిని వదిలే గొట్టాలు పక్కగోడల లోపలే ఉంటాయి. వెనక రేకు మీద చీటీ చూస్తే ఆర్600ఏ అని ఉండొచ్చు, అంటే ఐసోబ్యూటేన్, మండే గ్యాసు. డ్రిల్లు గుచ్చితే ఫ్రిజ్ పోవడం చిన్న నష్టం. ఉష్ణోగ్రత కొలిచే నా సెన్సర్ తీగను లోపల వెనకవైపున్న నీళ్లు కారే కన్నంలోంచి బయటికి తీశాను. హీటర్ తీగ తలుపు రబ్బరు సందులోంచి వస్తుంది. నాలుగేళ్లకి అక్కడ చిన్న నొక్కు పడింది, అంతే.

ఫ్రిజ్ లోపలి థర్మోస్టాట్ 18 డిగ్రీల దగ్గర ఆగలేదు. దాని రాజ్యమంతా ఇంటి అవసరాలకు కావలసిన చల్లదనం వరకే. అందుకే ఫ్రిజ్ ప్లగ్గు గోడకు కాకుండా, సెన్సర్ చూపే ఉష్ణోగ్రతను బట్టి కరెంటు ఇచ్చి ఆపే బయటి కంట్రోలర్‌కు పెట్టాలి. నాది ఎస్‌టీసీ-1000. చేతిలో ఇమిడే డబ్బా, రెండు రిలేలు (కరెంటును కలిపి తెంచే స్విచ్‌లు), ఒకటి చల్లదనానికి, ఒకటి వేడికి. తీగలు మనమే కలుపుకోవాలి. కరెంటు పని తెలిసిన మా బావమరిది వచ్చి ప్లాస్టిక్ పెట్టెలో బిగించిపెట్టాడు. నేను పట్టిన తీగలు చూసి, "బావా, ఎర్త్ లేకుండా ఫ్రిజ్ తలుపు పట్టుకుంటావా, నీకేమైనా పిచ్చా?" అని తిట్టాడు. తడి చేతులతో తిరిగే పని ఇది, తిట్టడంలో తప్పులేదు. తీగలంటే భయమున్నవాళ్లకి సాకెట్లు బిగించి అమ్మే ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటివి ఉన్నాయి. పని అదే.

దీన్లో తప్పక మార్చాల్సిన సెట్టింగు కంప్రెసర్ ఆలస్యం. కంప్రెసర్ ఆగిన వెంటనే గొట్టాల్లో రెండు వైపులా ఒత్తిడి సమం కాదు. ఆ స్థితిలోనే మళ్లీ కరెంటిస్తే మోటారు తిరగలేక మూలుగుతుంది, ఓవర్‌లోడ్ స్విచ్ కొట్టేస్తుంది. ఇలా పదేపదే జరిగితే కంప్రెసర్ పోయినట్టే. ఈ కంట్రోలర్‌లో ఆ విరామం 3 నిమిషాలుగా పెట్టి వస్తుంది, 10 దాకా పెంచుకోవచ్చు. నేను మొదటి రోజే 10 పెట్టాను. ఇరవై లీటర్ల ద్రవం పది నిమిషాల్లో కొంపలు ముంచేంతగా వేడెక్కదు. సెన్సర్‌ను కూడా నమ్మే ముందు పరీక్షించండి. గ్లాసు నిండా ఐసు ముక్కలు, కాసిని నీళ్లు, బాగా కలిపి సెన్సర్ ముంచితే సున్నా చూపాలి. నాది 0.8 చూపింది, సెట్టింగులో దిద్దుకున్నాను.

ఇంతవరకు ఒక ఆదివారం పని. నన్ను ఏడాది పాటు తిప్పలు పెట్టింది మాత్రం సెన్సర్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న.

మొదట గాలిలో వేలాడదీశాను. తలుపు మూస్తే గాలి చటుక్కున చల్లబడుతుంది, కంప్రెసర్ ఆగుతుంది, మళ్లీ కాసేపటికే వేడెక్కి మొదలవుతుంది. రోజంతా ఇదే గోల. తెర మీద మాత్రం ముచ్చటగా 18. అనుమానమొచ్చి, బకెట్ మూతలోంచి వేరే థర్మామీటర్ దించి చూస్తే లోపల 22. పొంగు జోరు మీదున్న మూడు రోజులూ అలాగే ఉంది. అంటే నేను గాలిని జాగ్రత్తగా 18 దగ్గర కాపాడుతున్నాను, బీరు దాని దారిన అది పోతోంది.

తర్వాత స్టీలు గొట్టం ఒకటి మూతలోంచి ద్రవం మధ్యదాకా దించి అందులో సెన్సర్ పెట్టాను. ఇదే అన్నిటికంటే శాస్త్రీయం అనుకున్నాను. కానీ చల్లదనం బకెట్ అంచుల నుంచి నడిమికి రావడానికి సమయం పడుతుంది. నడిమి 18కి దిగేసరికి అంచులు ఇంకా కిందికి పోయి ఉంటాయి, ఫ్రీజర్ పలక మీది చలి కంప్రెసర్ ఆగాక కూడా కిందికి దిగుతూనే ఉంటుంది. చివరికి మొత్తం 16 దాకా జారేది. మూడోసారి సెన్సర్‌ను బకెట్ బయటి గోడకు, ద్రవం మట్టానికి సగం ఎత్తులో ఆనించి, పైన అరచేయంత మందపాటి ఫోమ్ ముక్క పెట్టి గట్టిగా టేపు చుట్టాను. ఫోమ్ వల్ల గాలి చల్లదనం సెన్సర్‌కు తగలదు, బకెట్ గోడ ఉష్ణోగ్రతే తెలుస్తుంది. మూతలోని థర్మామీటర్‌తో పోల్చితే తేడా అర డిగ్రీ. పొంగు మరీ ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఒక డిగ్రీ. ఆ రోజు నుంచి ఈ పద్ధతి మార్చలేదు. ఎవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే ఈ ఫోమ్ ముక్క గురించే చెబుతాను, కంట్రోలర్ ఏ రకమన్నది దాని తర్వాతే.

గది చల్లగా ఉండే రోజుల కోసం బకెట్‌కు చుట్టే 25 వాట్ల హీట్ బెల్టు ఉంది. కొందరు లోపల బల్బు పెడతారు. పెడితే రేకు డబ్బాలో మూసి పెట్టండి. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి బీరు కంపు కొడుతుంది. ఇక ఆ బెల్టుతో నాకు జరిగిన తమాషా ఏమిటంటే, తేడా సెట్టింగును, అంటే పెట్టిన ఉష్ణోగ్రత నుంచి ఎంత తప్పితే కంట్రోలర్ కదలాలన్న అంకెను, 0.3 డిగ్రీలు పెట్టి మురిసిపోయాను. ఫ్రిజ్ ఆగాక చలి కాస్త కిందికి జారడం, వెంటనే బెల్టు వెలగడం, అది పైకి తోయడం, మళ్లీ ఫ్రిజ్. ఒకే కరెంటుతో రెండూ రాత్రంతా కుస్తీ పట్టాయి. తేడా 1 డిగ్రీకి పెంచాక సద్దుమణిగింది. వేడి రోజుల్లో బెల్టు ప్లగ్గే తీసేస్తాను.

అసలు దెబ్బ తిన్నది 19వ బ్యాచ్‌కి. బకెట్ సర్దుతూ సెన్సర్ తీసి ఫ్రిజ్ నెత్తిన పెట్టాను, మళ్లీ అతికించడం మరిచి తలుపు మూసేశాను. రెండు రోజులు ఊరెళ్లాం. బయట గాలి 29 ఉంటే కంట్రోలర్ పాపం ఇంకా చల్లబరచాలనే అనుకుంటుంది. లోపలి థర్మోస్టాట్‌ను నేనే అన్నిటికంటే చల్లటి అంకె మీద పెట్టి ఉంచాను, అడ్డేదీ లేకుండా ఉంటుందని. వచ్చి చూస్తే బీరు 2 డిగ్రీలు. ఈస్ట్ అడుగున పడుకుంది. మెల్లగా 20కి తెచ్చి, మూత తీయకుండా బకెట్ అటూ ఇటూ ఊపితే రెండో రోజుకి మళ్లీ బుడగలొచ్చాయి గానీ, బీరు సాంద్రత (చక్కెర తరిగేకొద్దీ దిగే అంకె) 1.010 దాకా దిగాల్సింది 1.016 దగ్గరే ఆగిపోయింది. తియ్యటి బీరు తాగి శిక్ష అనుభవించాను. అప్పటినుంచి లోపలి థర్మోస్టాట్‌ను అన్నిటికంటే తక్కువ చల్లదనం మీద ఉంచుతున్నాను. కంట్రోలర్ మోసపోయినా అదొక్కటైనా ఆపుతుంది. చివర్లో బాగా చల్లబరచాల్సిన రోజుల్లో మాత్రం తిప్పుతాను.

ఆ చివరి చల్లబరచడం గురించి. పులియడం పూర్తయ్యాక 2 డిగ్రీలకు దించి మూడు రోజులుంచితే ఈస్ట్, పొట్టు, అన్నీ అడుక్కి దిగి బీరు తేటపడుతుంది. ఫ్రిజ్ ఇచ్చే లాభాల్లో నాకు బాగా నచ్చినది ఇదే. మొదటిసారి చేసినప్పుడు ఎయిర్‌లాక్‌లో (లోపలి గ్యాసును వదిలి బయటి గాలిని ఆపే, మూత మీది నీళ్ల బిరడా) నీళ్లు మాయమయ్యాయి. చల్లబడేకొద్దీ పైనున్న గ్యాసు కుంచించుకుపోతుంది, కొంత బీరులో కరుగుతుంది, ఆ ఖాళీకి ఎయిర్‌లాక్ నీళ్లను, వెనకే గాలిని లోపలికి లాక్కుంటుంది. ఇప్పుడు దించే రెండు రోజుల ముందే ఎయిర్‌లాక్ తీసి బెలూన్ తొడుగుతున్నాను. వచ్చే గ్యాసుతో అదే ఉబ్బుతుంది, చల్లబడినప్పుడు అదే తిరిగి ఇస్తుంది. చూడ్డానికి పుట్టినరోజు పండగలా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. అన్నిటికంటే విసుగు తెప్పించేది బూజు. 18 డిగ్రీల దగ్గర కంప్రెసర్ తిరిగేది తక్కువ, కాబట్టి లోపలి తేమ ఎటూ పోదు. నెలలోపే తలుపు రబ్బరు మడతల్లో నల్ల చుక్కలొచ్చాయి. దానికితోడు ఒకసారి నురుగు పొంగి ఎయిర్‌లాక్‌లోంచి కారి కింద మూలల్లో ఎండిపోయింది. ఇప్పుడు బ్యాచ్‌కి బ్యాచ్‌కి మధ్య పలచటి బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, కడిగి, తలుపు ఒకరోజు తెరిచి ఉంచుతాను. లోపల తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బా ఒకటి పెట్టాను. పొంగు ఎక్కువుండే బ్యాచ్‌కి ఎయిర్‌లాక్ బదులు లావుపాటి గొట్టం పెట్టి నీళ్ల సీసాలో ముంచుతాను.

బరువు ఇంకో సంగతి. నిండు బకెట్ 20 కిలోల పైమాటే. కూరగాయల ట్రే పైనుండే అద్దం దాన్ని మోయదు. అడుగున కంప్రెసర్ కోసం వెనక మెట్టులా లేచి ఉంటుంది, దాని ఎత్తుకు సరిపడా చెక్క పీట, పైన ప్లైవుడ్ వేశాను. కొలతలు ఫ్రిజ్ తెచ్చే ముందే తీసుకోండి. ఎయిర్‌లాక్‌తో సహా ఎత్తు చూడాలి, ఫ్రీజర్ పెట్టె కింద ఎంత మిగులుతుందో చూడాలి. ఆ పలకను కిందికి వంచితే చోటొస్తుందని ఆశపడకండి, దానిలో గొట్టాలున్నాయి. గ్యాసు సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒక బ్యాచ్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 400 లీటర్ల దాకా ఉంటుంది. తలుపు తీయగానే తల లోపల పెడితే ముక్కు చురుక్కుమంటుంది. గదికి గాలి ఆడాలి.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఉన్నవాళ్లు కాస్త ఆలోచించండి. వాటిలో ఐసు కరిగించడానికి టైమరో బోర్డో ఉంటుంది. కంట్రోలర్ మాటిమాటికీ కరెంటు తీసేస్తే ఆ లెక్క తప్పి, లోపలి రెక్కల మీద ఐసు పేరుకుపోవచ్చు. నా పాతదానికి ఆ బెడద లేదు. 18 దగ్గర ఉంటే ఐసు కరిగించడం అన్న పనే లేదు, లాగర్ (ఇంకా చల్లగా, నెమ్మదిగా పులిసే బీరు రకం) చేసే నెలల్లో మాత్రం ఫ్రీజర్ పలక గడ్డకడుతుంది.

లాగర్ మాట వచ్చింది కాబట్టి, ఫ్రిజ్ లేకపోతే నేను దాని జోలికే పోయేవాణ్ణి కాదు. 34/70 అనే లాగర్ ఈస్ట్‌తో 11 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, చివరికొచ్చాక 17కి పెంచి మూడు రోజులుంచుతాను. ఈస్ట్ వదిలిన డయాసిటైల్‌ను, అంటే ఆ వెన్న వాసనను, అదే తిరిగి తినేస్తుంది. ఆ తర్వాత 2 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు. ఇక్కడే పెద్ద చిక్కు. ఒక ఫ్రిజ్, ఒక ఉష్ణోగ్రత. ఆరు వారాలు లాగర్ కూర్చుంటే ఇంకేదీ పెట్టలేను. ఆ రోజుల్లో గదిలోనే క్వెయిక్ వాడతాను. నార్వే పల్లెల నుంచి వచ్చిన ఈ ఈస్ట్ 35 డిగ్రీల్లోనూ శుభ్రంగా పులుస్తుంది. నిజం చెప్పాలంటే, మీకు అలాంటి బీరే చాలనుకుంటే ఈ ఫ్రిజ్ బాధ మీకు అక్కర్లేదు.

నాలుగేళ్లలో చెడింది ఒక్క సెన్సర్ తీగే, కన్నం దగ్గర ఒరుసుకుని. మార్చడానికి పావుగంట పట్టింది. తలుపు రబ్బరు కింది మూల వదులైంది, కాగితం ముక్క పెట్టి మూస్తే సులువుగా జారి వచ్చేస్తోంది, ఈ ఏడు మార్చాలి. కంప్రెసర్ చప్పుడు కాస్త పెరిగింది. ప్రస్తుతం లోపల 11 డిగ్రీల దగ్గర లాగర్ ఉంది, ఎల్లుండి 17కి పెంచాలి. సెన్సర్ అతికించానో లేదో ఇందాకే ఇంకోసారి వెళ్లి చూసొచ్చాను.