కర్నూల్లో టూర్‌కి అద్దె బండ్లు: షాపు ఎట్లుంది, ప్లాను ఎట్లేసుకోవాల

ఫ్రెండ్స్ అంతా కలిసి బండ్ల మీద రెండు మూడు రోజులు రాయలసీమ తిరగాలని కర్నూల్లో ఒక షాపులో బండ్లు అద్దెకు తీసుకున్నాం, ఫోటోలు చూసి ప్రతి ఒక్కడూ ఎంతయింది యాడ తీసుకున్నారు అని అడగడమే, అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. ముందే చెప్పేస్తా, బండ్లకి పదికి ఆరు మార్కులు, హెల్మెట్లకి రెండు కూడా ఇయ్యను, కానీ ఓనరు మమ్మల్ని కూర్చోబెట్టి ప్లాను వేయించిన తీరుకి మాత్రం తొమ్మిది. ఆ ఒక్కదానికోసమే మళ్లీ అదే షాపుకి పోతా.

షాపు పేరు రాయడం లేదు, తిట్టేవి కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి. కర్నూల్లో లాంగ్ టూర్‌కి బండ్లు ఇచ్చేవాళ్లు ఎట్లాగూ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మీరు ఏ షాపుకి పోయినా మొదట నంబర్ ప్లేటు చూడండి. అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాల. తెల్ల ప్లేటు బండి చేతిలో పెట్టి 'ఏం కాదు తీస్కపో అన్నా' అంటే అది వాళ్ల సొంత బండి అన్నట్టు, దారిలో యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బులియ్యకుండా తప్పించుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు. ఈ షాపులో అన్నీ నల్ల ప్లేట్లే, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాల కాపీలు కవర్లో పెట్టి సీటు కింద పెట్టినాడు, అది నాకు బాగా నచ్చింది.

బండ్లు అంటే ఎక్కువ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లు, కొన్ని మీటియర్లు, ఒక హిమాలయన్. అద్దె రోజుకి 1,200 నుంచి మొదలు, దాంతో పాటు డిపాజిట్. ఇక్కడ ఒక సంగతి చెప్పాల, స్పోక్ చక్రాల క్లాసిక్ చూడ్డానికి బాగుంటాది కానీ దాంట్లో ట్యూబ్ ఉంటాది, పంచరైతే చక్రం విప్పాల, అల్లాయ్ చక్రాలదైతే ట్యూబ్‌లెస్, రోడ్డు పక్కనే చిల్లులో రబ్బరు పుల్ల పొడిచి గాలి కొట్టుకుని పోవచ్చు. కొలిమిగుండ్ల పక్క నాపరాళ్ల లారీలు, సిమెంటు ఫ్యాక్టరీ లారీలు తిరిగే రోడ్ల మీద రాళ్ల ముక్కలు ఎంతుంటాయో ఆ పక్కోళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి అందం చూడకండి, అల్లాయ్ అడగండి. మా దాంట్లో ఒకడికి చైను లూజుగా ఉన్న బండి వచ్చింది, చెప్తే అప్పుడే బిగించి ఇచ్చినాడు, కానీ మేము చూసి చెప్తేనే బిగించినాడు, ముందే చూసి పెట్టాల్సిన పని కదా అది.

ఇంగ అసలు విషయానికొస్తా. బండ్లు తీసుకునే ముందు రోజు సాయంత్రం అందరూ రావాలన్నాడు, ఒక్కడొచ్చి సంతకం పెట్టి తాళాలు తీసుకుపోతామంటే ఒప్పుకోడంట. మాకు మొదట్లో చిరాకేసింది, ఈయనకి ఎందుకప్పా ఇదంతా అని. టీ తెప్పించి మ్యాపు ముందర పెట్టి మొదటి ప్రశ్న ఏమడిగినాడంటే 'మీలో అందరికంటే స్లోగా నడిపేటోడు ఎవురు?' అని. ఎవడూ చెయ్యెత్తలే. కాసేపటికి అందరం ఒకడి పక్క చూసినాం, వాడు మొహం మాడ్చుకున్నాడు. 'తప్పేం లేదు నాయనా, నువ్వు రెండో బండి, నీ ముందర పోయేటోడు అద్దంలో నిన్ను చూసుకుంటా నీ స్పీడుకే పోతాడు, బాగా నడిపేటోడు అందరికంటే వెనక ఉంటాడు' అన్నాడు. మామూలుగా మనం చేసేది దీనికి ఉల్టాగా ఉంటాది కదా, బాగా నడిపేటోడు ముందర దూసుకుపోతాడు, స్లో మనిషి వెనకపడి యాడో ఆగిపోతే ముప్పై కిలోమీటర్లు పోయినాక గానీ తెలీదు.

రెండోది పెట్రోలు. ట్యాంకు ఎంత పెద్దది అని చూడొద్దు, ఒక ట్యాంకుకి బండి ఎంత దూరం పోతాదో చూడు అన్నాడు. క్లాసిక్‌కి 13 లీటర్లు, మీటియర్‌కి 15, మాలో ఒకడు సొంత స్ప్లెండర్ తెచ్చుకున్నాడు, దానికి పది లీటర్లు కూడా పట్టవు, అయినా అన్నిటికంటే దూరం పోయేది అదే. అందరికంటే తక్కువ దూరం పోయే బండి ఏదో అది లెక్క, దాంట్లో సగం అయిపోతానే కనిపించిన బంకులో అందరూ కొట్టించాల, 'నాది ఇంకా ఉందిలే' అనేది ఉండకూడదు. లేదంటే ఒకడికోసం ఒకచోట, ఇంకొకడికోసం ఇంకోచోట, రోజంతా బంకుల్లోనే సరిపోతాది.

ఇదంతా మా అనంతపురం ఫ్రెండ్ ఒకడికి ఫోన్లో చెప్తే నవ్వినాడు, వాడు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు, చలికాలం వస్తే స్నోమొబైళ్ల మీద ఫ్రెండ్స్‌తో ఇట్లే ఊరూరు తిరుగుతాడు. అదేం బండో తెలీనోళ్లకి, చక్రాలుండవు, ముందర రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాకు, యాక్సిలరేటరు బొటనవేలితో నొక్కాల. వాళ్ల రాష్ట్రంలో ఆ బండ్ల కోసమే మంచులో వేసిన దారులు 22,000 మైళ్లకి పైనే ఉన్నాయి, ఒక ఊరి నుంచి బయల్దేరి సాయంత్రానికి ఇంకో ఊరి మోటల్లో దిగి పొద్దున్నే మళ్లీ పోతారు. వాళ్లకీ ఫస్టు లెక్క పెట్రోలేనంట, మెత్తటి మంచులో ఇంజను మామూలుకంటే చాలా ఎక్కువ తాగుతాది, తరువాతి బంకు ఏ ఊర్లో ఉందో చూసుకునే రూటు గీస్తారు. ఇంకోటి చెప్పినాడు, ఎదురుగా ఇంకో గుంపు వస్తే ముందరోడు నా వెనక ఇంకా ఎన్ని బండ్లున్నాయో వేళ్లతో చూపిస్తాడు, అందరికంటే వెనకోడు పిడికిలి చూపిస్తాడు, అంటే నేనే లాస్టు అని. దారి చీలిన ప్రతిచోటా ముందరోడు ఆగి వెనకోడికి కనపడినాకే తిరగాలంట, మైనస్ ఇరవైలో ఒక్కడే దారితప్పి ఇంజను ఆగిపోయిందంటే ప్రాణం మీదికొస్తాది కాబట్టి.

ఆ దారి చీలిక రూలు మా ఓనరు చెప్పలేదు, మావాడి దగ్గర తీసుకుని మేమే పెట్టుకున్నాం. బనగానపల్లెలో, జమ్మలమడుగులో, మైదుకూరు నాలుగు రోడ్ల కాడ మాకు బో పనికొచ్చింది. ఫోన్లో మ్యాపు ఉంది కదా అనుకోవచ్చు, ఒక్కో ఫోను ఒక్కో రూటు చూపిస్తాది సామీ, గండికోటకి పోయే ముందర ఇద్దరికి రెండు వేర్వేరు దార్లు చూపించింది.

రూటు సంగతి. కర్నూలు నుంచి నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాక్ గార్డెన్ కాడ ఆగి, అక్కడి నుంచి బనగానపల్లె, యాగంటి, బెలుం, రాత్రికి గండికోట. ఇది ఓనరు ఇచ్చిన ప్లానే, దీంట్లో వంక పెట్టేదేం లేదు. యాగంటిలో ఎక్కువ సేపు ఉండాలనిపిస్తాది కానీ బెలుం గుహలు సాయంత్రానికి మూసేస్తారు, మధ్యాహ్నం దాటకుండా చేరుకోవాల. గుహలు మొత్తం 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు దాకా, లోపల చల్లగా ఉంటాదని అనుకుంటారు చాలామంది, ఉక్కపోతకి చొక్కా తడిసిపోతాది, రైడింగ్ జాకెట్లు బండి మీదే వదిలేసి పోండి. గుహలో అన్నిటికంటే అడుగున ఉండే పాతాళగంగ దాకా దిగి ఎక్కినాక ఒక అరగంట నీడలో కూర్చోకుండా బండి ఎక్కొద్దు అని ఓనరు ఫోన్ చేసి మరీ చెప్పినాడు, కాళ్లు వణుకుతాయి గేరు సరిగా పడదు అని. నిజమే.

బెలుం నుంచి గండికోట దూరం పెద్దగా లేదు కానీ చీకటి పడేలోపల పోవాల, జమ్మలమడుగు దాటినాక గేదెలు, గొర్రెలు ఇంటికి తిరిగొచ్చే టైము అది. కోట దగ్గర టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, శని ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాల. పొద్దున ఎండ రాకముందే పెన్నా లోయ అంచుకి పోండి, తరువాత మాధవరాయ గుడి, జామా మసీదు, ధాన్యం కొట్టు చూసుకుంటా రావచ్చు. లోయ అంచున కంచె ఏం ఉండదు, సెల్ఫీల పిచ్చోళ్లు ఉంటే పట్టుకోండి.

ఆయన ప్లానులో నాకు నచ్చనిది ఆఖరి రోజు. కడపలో పడుకుని పొద్దున్నే గువ్వలచెరువు ఘాటు ఎక్కి, పాలకోవా తిని, రాయచోటి, కదిరి మీదుగా తిమ్మమ్మ మర్రిమాను చూసి, అనంతపురం వచ్చి, హైవే మీద కర్నూలుకి వచ్చేయండి అని రాసిచ్చినాడు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటాది. అనంతపురం నుంచి కర్నూలే 150 కిలోమీటర్ల దాకా, అంతకు ముందు ఘాటు, కదిరి రోడ్లు, నడుములు పడిపోయినాక రాత్రిపూట లారీల మధ్య 44వ నంబరు హైవే మీద రావాల. స్లో మనిషిని చూసుకోమన్న మనిషే ఇట్లాంటి రోజు ఎట్ల పెట్టినాడో నాకర్థం కాలే. మేము ఘాటు దాకా పోయి, కోవా తిని, వెనక్కి తిరిగి కడపకొచ్చి, కారం దోసె కొట్టి, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా పొద్దుండగానే కర్నూల్లో దిగినాం. మర్రిమాను, లేపాక్షి, పెనుకొండ కలిపి అనంతపురం నుంచి వేరే ట్రిప్పు పెట్టుకోండి, దీంట్లో ఇరికించొద్దు. శ్రీశైలం కూడా కలుపుదాం అనేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు, దోర్నాల అడవి గేట్లు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారని వాడికి గుర్తు చేయండి.

బ్యాకప్ బండి అని ఇంకోటి అంటగడతాడు, వెనక ఒక బొలేరో, దాంట్లో మెకానిక్కు, మన బ్యాగులు. మేము తీసుకోలే. మా మిన్నెసోటా వాడికైతే అడవి మధ్యలో బండి ఆగితే ఇంకో బండికి తాడు కట్టి లాక్కోవాల్సిందే, ఇక్కడ నంద్యాల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఏ ఊర్లోనైనా బుల్లెట్ మెకానిక్కు దొరుకుతాడు. దాని బదులు స్పేర్ క్లచ్ వైరు, పంచర్ కిట్టు, బంగీ తాళ్లు అడిగి తీసుకోండి, అవి ఊరికే ఇస్తాడు. ఆడోళ్లు, పెద్దోళ్లు వెనక కూర్చుని వస్తుంటే బొలేరో ఆలోచించచ్చు.

హెల్మెట్ల గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. చెమట వాసన, అద్దాల మీద గీతలు, ఒకదానికి బక్కిల్ పనిచేయదు. మీవి మీరే తెచ్చుకోండి.

డబ్బుల విషయం ముందే తేల్చుకోండి, మాకు వెనక కూర్చున్నోడు పెట్రోలుకి ఇయ్యాలా వద్దా అని ఒక రాత్రంతా వాదన నడిచింది, ఆఖరికి బండి అద్దె బండి లెక్కన, పెట్రోలు, తిండి, రూములు తలకింత లెక్కన అని కుదిరింది. హైవేలో టూవీలర్‌కి టోలు లేదు కాబట్టి అదో మిగులు.

తిరిగిచ్చేటప్పుడు గీతలు, డెంట్లు చూస్తాడు, తీసుకునేటప్పుడే చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి, ఆయనే తీసుకోమంటాడు. మా బండి ఒకదానికి ఇండికేటర్ పగిలింది, దానికి 300 పట్టుకుని మిగతా డిపాజిట్ ఆ రాత్రికే ఫోన్‌పేలో వేసినాడు, బేరం లేదు గొడవ లేదు. మార్చి దాటితే రేటు తగ్గిస్తానంటాడు, ఆ ఎండల్లో ఫ్రీగా ఇచ్చినా తీసుకోవద్దు, నవంబరు నుంచి జనవరి మధ్యలో చూసుకోండి, సంక్రాంతి సెలవులకైతే నెల ముందే ఫోన్ చేయాల.