కాలవ గట్టు మీద రాడ్డూ రీలూ: ఏళ్లపాటు వాడాక చెబుతున్న మాట

ఎనిమిదడుగుల ఫైబర్‌గ్లాస్ టెలిస్కోపిక్ (ఒకదానిలో ఒకటి ముడుచుకునే) రాడ్డు, దానికి దారం చుట్టుకునే మధ్యరకం స్పిన్నింగ్ రీలు. రెండూ కలిపి రెండు వేల లోపే అయ్యాయి. కొన్నేళ్లుగా కోనసీమ కాలవ గట్ల మీద, గోదావరి పాయ వశిష్ఠ రేవుల్లో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ చేపల కోసం దీన్నే వాడుతున్నాను. కొత్తగా గాలం పట్టేవాళ్లు ఎక్కువగా అడిగేది, వెదురు గాలం ఉండగా ఇంత డబ్బు పెట్టాలా అని. పెట్టొచ్చు. అయితే ఆ డబ్బు రాడ్డు అందానికి కాదు, దూరం విసరడానికీ కాదు, రీలులో ఉండే డ్రాగ్ కోసం.

డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు రీలు దారం వదిలే బిగువు. దాన్ని సరిచేయడానికి రీలు ముందు చిన్న మర ఉంటుంది. అది పూర్తిగా బిగిస్తే చేప ఎంత లాగినా దారం రాదు. వదులు చేస్తే లాగిన కొద్దీ వస్తుంది. వెదురు గాలానికి ఉన్న దారం కర్ర పొడవంతే. మూడు కిలోల శీలావతి గాలపు ముల్లు తగలగానే మొదటి పరుగు తీస్తుంది చూడండి, ఆ పరుగు దారం పొడవు దాటితే దారం తెగాలి, ముల్లు వంగాలి, లేదా చేప పెదవి చీరాలి. డ్రాగ్ ఉంటే మూడూ జరగవు. చేప పరిగెడుతుంది, రీలు కిర్రుమంటూ దారం ఇస్తుంది, చేపే అలిసిపోతుంది.

దారం తెగే బలంలో మూడో వంతుకి డ్రాగ్ పెట్టుకోవాలి. నేను వాడేది ఆరు కిలోల బరువుకి తెగే నైలాన్ దారం. ఇంటి దగ్గరే దారం చివర రెండు లీటర్ల నీళ్ల సీసా కట్టి నెమ్మదిగా ఎత్తండి. సీసా నేల విడిచీ విడవకుండా రీలు దారం వదులుతుంటే సరిపోయినట్టే. చేప పరుగులో ఉన్నప్పుడు రీలు పిడి తిప్పకండి. తిప్పితే దారం మెలికపడి ముడులు పడుతుంది. చేప ఆగాక రాడ్డు పైకెత్తి, దించేటప్పుడు చుట్టుకోవాలి. కొత్తవాళ్లకి ముందు రావాల్సిన విద్య ఇదే. ఎర గురించి ఎంత తెలిసినా ఇది రాకపోతే పెద్ద చేప గట్టుకి చేరదు.

అల్లిన దారం సన్నగా, బలంగా ఉంటుందని షాపులో ఇవ్వబోతారు. మొదట్లో వద్దు. అది సాగదు. నైలాన్ కొంచెం సాగుతుంది కాబట్టి చేప ఒక్కసారిగా గుంజినా ఆ దెబ్బ ముల్లు మీద పడదు. కాకపోతే ఎండకి నైలాన్ నీరసిస్తుంది. చేతికి గరుకుగా తగిలినా, చుట్టలు చుట్టలుగా లేస్తున్నా మార్చేయాలి.

ఎర విషయంలో మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల్లో చేపలకి పెట్టేది ముఖ్యంగా తవుడు, వేరుశనగ చెక్క. వరదలకి గట్లు తెగినప్పుడు ఆ చేపలే మురుగు కాలవల్లోకి వచ్చేస్తాయి. తవుడూ చెక్కపొడీ సమానంగా తీసుకుని, జిగురుకి కాస్త మైదా కలిపి కట్టిన ముద్దని అవి తొందరగా పసిగడతాయని నా నమ్మకం. చెక్కని మాత్రం వాసన చూసి కొనండి, బూజు పట్టింది వద్దు. ఎర్రలు (వానపాములు) కూడా పనిచేస్తాయి గానీ, వాటికి జెల్లలే ఎక్కువ తగులుతాయి.

ఏ లోతులో వేయాలో చేప నోరే చెబుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీటిలో మేస్తుంది. అందుకే బెండు కింద రెండు మూడు అడుగుల్లోనే ఎర ఉండాలి. శీలావతి మధ్య నీటిది. ఎర్రమోసు, బంగారుతీగ అడుగున వెతుక్కుంటాయి. వాటికి బెండు తీసేసి, దారం మీద జారే సీసం గుండు వేసి ఎరని నేల మీద ఉంచాలి. గుండు జారేది కావడం ముఖ్యం. ఈ జాతి చేపలు ఎరని పీల్చి, బరువు తెలియగానే ఉమ్మేస్తాయి.

రాడ్డు లోపాలకి వస్తే, మొదట దెబ్బతినేది కొసన ఉండే రింగు. లోపలి పింగాణీ కంటికి కనపడనంతగా చిట్లినా దారాన్ని కోసేస్తుంది. రింగులోంచి కాస్త దూది లాగి చూడండి, పోగులు పట్టుకుంటే రింగు మార్చాల్సిందే. రెండోది, కీళ్లలో ఒండ్రు ఇరుక్కోవడం. గోదావరి ఎర్రనీరు వచ్చే రోజుల్లో ఇది మరీ ఎక్కువ. వాడిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, ఆరాకే ముడవాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు పోటు నీటిలో వాడితే ఆ రోజే రీలుని మంచినీళ్లతో కడగండి. ఉప్పు స్ప్రింగుల్ని తినేస్తుంది.

తేలిగ్గా ఉంటుందని కార్బన్ రాడ్డు కొందామనుకునేవాళ్లకి ఒక్క మాట. మన గట్ల వెంట కరెంటు తీగలు ఎక్కువ. కార్బన్ విద్యుత్తుని పారనిస్తుంది. ఫైబర్‌గ్లాస్ దానికంటే నయం, అయినా తడిసిన రాడ్డు, తడిసిన దారం ఏదైనా ప్రమాదమే. తీగల కింద రాడ్డు ఎత్తకండి, తలెత్తి చూశాకే విసరండి.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వానాకాలం వరద నీటిలో గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో పొట్ట ఉబ్బిన చేప పడితే, చేతులు తడి చేసుకుని ముల్లు తీసి వదిలేయండి, రేపటి చేప దాని కడుపులోనే ఉంది. పంచాయతీ చెరువులు చాలావరకు పాటకి ఇచ్చి ఉంటాయి, పాటదారుని అడగకుండా గాలం వేయొద్దు.

రాడ్డు కొనే రోజే పొడుగు పిడి ఉన్న చేతివల కూడా తీసుకోండి. రాళ్లు పేర్చిన రేవులో దారం పట్టుకుని చేపని పైకి లేపితే డ్రాగ్ చేసిన పనంతా వృథా. వలని ముందే నీటిలో ముంచి ఉంచి, చేపని తల ముందుగా దాని మీదికి తెచ్చుకోవాలి.