బోరు నీటిమట్టం కొలిచే టేపు: ఆరేళ్ల వాడకం తర్వాత

ప్రకాశం జిల్లా మర్రిపూడి మండలంలో మా ఊరి వాటర్‌షెడ్ కమిటీ కోసం 2019లో ఈ టేపు కొన్నాం. 150 మీటర్లది, రూ.14 వేలు పడింది. అప్పటి నుంచి ప్రతి నెలా 1వ తేదీన 12 బోర్లలోకి దీన్ని దించి కొలతలు రాస్తున్నది నేనే. పక్క ఊళ్ల వాళ్లు కొనాలా వద్దా అని అడుగుతున్నారు. నా మాట ఒకటే: ఊటకుంటకో (వాన నీటిని భూమిలోకి ఇంకించే కుంట) చెక్‌డ్యాంకో లక్షలు పెట్టబోయే ఊరు, తట్టెడు మట్టి ఎత్తకముందే దీన్ని కొనుక్కోవాలి. పని మొదలుకాక ముందు నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రాసి పెట్టుకోకపోతే, తర్వాత లాభం వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు.

పనిచేసే తీరు తేలికే. చక్రానికి చుట్టిన టేపు లోపల రెండు తీగలుంటాయి, చివర స్టీలు గుండు. గుండు నీటిని తాకగానే తీగల మధ్య కరెంటు పారి లైటు వెలుగుతుంది, బీప్ మోగుతుంది. 9 వోల్టుల బ్యాటరీ చాలు. అంతకుముందు తాడుకు రాయి కట్టి వదిలి, చప్పుడు కోసం కేసింగ్ (బోరు పైభాగంలో దించే గొట్టం) దగ్గర చెవి పెట్టేవాళ్లం. 40 మీటర్ల కింద ఆ చప్పుడు ఏం తెలుస్తుంది?

మొదటి ఏడాది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది దొంగ బీప్. మా రాతినేలలో నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి. పై పగులు నుంచి కారే నీటి చుక్క గుండు మీద పడ్డా మోగుతుంది. బీప్ వచ్చాక ఒక అర మీటరు పైకి లాగి మళ్లీ దించాలి. మూడుసార్లూ ఒకే చోట మోగితేనే రాసుకోవాలి. కేసింగ్ అంచు మీద ఒకే చోట ఎర్ర పెయింటుతో గీత పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే కొలవాలి. కేసింగ్ నేల మీదికి ఎంత లేచి ఉందో అంత తీసెయ్యాలి.

మోటారు ఆడుతుంటే కొలత దండగ. ఇప్పుడు అందరి స్టార్టర్లకూ ఆటోలు ఉన్నాయి, త్రీఫేజు రాగానే మోటార్లు వాటంతట అవే లేస్తాయి. అందుకని తెల్లవారుజామునే బయల్దేరతాను. 7వ నంబరు బోరు ఆవిడ అయితే ముందు రోజే ఫోన్ చేస్తుంది: "అన్నా, రాత్రే ఆటో తీసేశాను, నువ్వొచ్చి కొలిచిందాకా వెయ్యను." ఆ మాట విన్నప్పుడల్లా ఈ తిరుగుడు ఊరికే పోవడం లేదని ధైర్యం వస్తుంది.

2021లో ఒక బోరులో మోటారు తాడుకు టేపు చుట్టుకుపోయింది. గంటసేపు లాగాం, గుండు దగ్గర తెగింది. రిపేరుకిస్తే అతను దెబ్బతిన్న ముక్క కోసేసి గుండు మళ్లీ అతికించాడు, ఎంత కోశాడో చెప్పలేదు. తర్వాతి నెల 12 బోర్లలోనూ నీళ్లు కిందికి పోయినట్టు వచ్చింది. వాన పడిన నెల అది. రాత్రంతా టెన్షన్. పుస్తకం ముందేసుకుని చూస్తే, అన్ని బోర్లలోనూ తేడా సుమారు 45 సెంటీమీటర్లే! భూమి అలా ఒకే లెక్కన తగ్గదు. దర్జీ టేపు పెట్టి చూస్తే గుండు కొసకు సున్నా బదులు 45 కనబడింది. అప్పటి నుంచి ప్రతి కొలత నుంచీ 45 తీసేస్తున్నాను. రిపేరు చేయిస్తే గుండు కొస నుంచి మొదటి మీటరు తప్పక సరిచూసుకోండి. చిక్కుపడకుండా ఉండాలంటే, మోటారు దించేటప్పుడే పక్కన అంగుళం ప్లాస్టిక్ పైపు దించి, అడుగున బెజ్జాలు పెట్టించండి. టేపు అందులో నుంచి సాఫీగా దిగుతుంది. మేం ఐదు బోర్లకు పెట్టించాం.

టేపు ధర తిరిగొచ్చింది మాత్రం 2023లో. డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుఫాను తీరం దాటింది, మా ఊటకుంట నిండి అలుగు పారింది. డిసెంబరు 1న 3వ నంబరు బోరులో 41 మీటర్లున్న మట్టం జనవరి 1కి 29కి లేచింది. కుంటకు అంతే దూరంలో ఉన్న 7వ నంబరులో 43 నుంచి 42కి మాత్రమే వచ్చింది. కుంట నిండింది కాబట్టి అందరికీ నీళ్లొచ్చాయనే ఊరంతా అనుకున్నారు. మధ్యలో రాతి గోడ లాంటిది అడ్డుందేమోనని నా అనుమానం. ఈ లెక్క చూపించాకే, అదే వాగు మీద రెండో చెక్‌డ్యాం అన్న ఆలోచన మానుకుని, 7వ నంబరు పైనున్న గుట్ట వాలులో ఉపాధి హామీ కింద కందకాలు తవ్వించాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్ల నీళ్లు. గుట్ట మీద పడ్డది పడ్డట్టు జారిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం?

టేపుతో పాటు టీడీఎస్ మీటరు కూడా కొన్నాం. అది ఉప్పు ఎంతో చెబుతుంది, ఫ్లోరైడ్ చెప్పదు. మా వైపు ఫ్లోరైడే అసలు బాధ కాబట్టి, టీడీఎస్ తక్కువుందని తాగేయకండి. నీళ్లు ల్యాబుకు పంపాల్సిందే. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు.

ఇదంతా మా జిల్లాకు కొత్తేం కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో ఏడు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల ప్రాజెక్టులో ప్రకాశం కూడా ఒకటి. రైతులే బోర్లు కొలిచి, ఉన్న నీటిని బట్టి పంటల లెక్క వేసుకునేవాళ్లు. మా బాబాయి అప్పట్లో రాసిన నోటుబుక్కు చూసే నేను గళ్లు గీసుకున్నాను.

మళ్లీ కొంటే 150 మీటర్లదే కొంటాను. అంకెలు పైపైన అచ్చేసినవి కాకుండా ప్లాస్టిక్ పొర కింద ఉన్నవి చూసుకుంటాను. మాదాంట్లో 30 నుంచి 45 మీటర్ల మధ్య అంకెలు అరిగిపోయాయి, మేం ఎప్పుడూ చూసేవి అవే. మొన్న 1వ తేదీన 7వ నంబరు 40 మీటర్లు చూపించింది. కందకాలకు పైన ఇంకో వరస తవ్వడానికి ఈ వేసవిలో పని అడిగాం.