ఫ్రిజ్ వాటర్ ఫిల్టర్: కంపెనీదా, బయటిదా, వెనక ట్యూబుకు పెట్టేదా?

పోయినసారి ఫ్రిజ్‌కి కొత్త ఫిల్టర్ పెట్టిన రాత్రి, తెల్లారి లేచి చూస్తే కింది ట్రే నిండా నీళ్ళు. నేను పెట్టింది కంపెనీ ఫిల్టర్ కాదు, ఆ మోడల్‌కి సరిపోతుందని చెప్పి అమ్మే బయటి రకం. చౌకగా వస్తుందని కొన్నందుకు ఇలా అయిందనుకుంటూ దాన్ని ఊడదీశాను. టార్చ్ వేసి పైకి చూస్తే, ఫిల్టర్ కూర్చునే గూటిలో నల్లటి రబ్బరు రింగు ఒకటి అతుక్కుని ఉంది. అది పాత ఫిల్టర్‌ది. ఫిల్టర్ బయటికి వచ్చేసింది కానీ, దాని ఓ-రింగు మాత్రం లోపలే ఉండిపోయింది. కొత్త ఫిల్టర్ తన రింగుతో వెళ్ళి దానికే ఆనుకుంది. రెండు రింగులు ఒకేచోట ఇరుక్కుంటే ఏదీ సరిగ్గా కూర్చోదు. ఆ పాతదాన్ని వేలితో లాగేసి, అదే బయటి ఫిల్టర్‌ని మళ్ళీ బిగించాను. ఒక్క చుక్క కారలేదు.

అప్పటినుంచి ఏ ఫిల్టర్ మేలని ఎవరైనా అడిగితే ముందు ఇది చెబుతున్నాను: బిగించేటప్పుడు వచ్చే ఇబ్బందులు వేరు, ఫిల్టర్‌లోని మంచిచెడ్డలు వేరు. కారడం, ఇరుక్కుపోవడం, నల్లనీళ్ళు, ఆరని లైటు, ఇవన్నీ ఏ రకం కొన్నా ఎదురయ్యేవే. వాటిని ఫిల్టర్ మీదకి నెట్టేస్తే మంచిదాన్ని పారేసి, పనికిరానిదాన్ని తెచ్చుకుంటాం.

లోపల ఉన్నది బొగ్గే

మూడు రకాల్లోనూ సాధారణంగా పని చేసేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలున్న బొగ్గు. తరచుగా కొబ్బరి చిప్పల నుంచి చేస్తారు. క్లోరిన్ వాసన, కొన్ని రసాయనాలు దానికి పట్టుకుని ఆగిపోతాయి. కానీ నీళ్ళలో కరిగిన ఉప్పు, సున్నం దాని గుండా నేరుగా వెళ్ళిపోతాయి. అందుకే నీళ్ళలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూసి "ముందూ 300, తర్వాతా 300, ఫిల్టర్ పనిచేయట్లేదు" అనుకోవడం పొరపాటు. ఈ ఫిల్టర్ ఆ అంకెను తగ్గించదు, అది దాని పని కాదు. సూక్ష్మజీవులున్న నీళ్ళను తాగేలా చేసే సాధనం కూడా కాదు. తాగడానికి పనికొచ్చే నీళ్ళే లోపలికి రావాలి.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది సర్టిఫికెట్. ఎన్‌ఎస్‌ఎఫ్ అంటే ఇలాంటి ఫిల్టర్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ. దాని ప్రమాణాల్లో 42 నంబరు రుచికీ వాసనకూ సంబంధించింది. క్లోరిన్ సగానికి తగ్గితే చాలు, ఆ పరీక్షలో పాసైనట్టే. 53 నంబరు ఆరోగ్యానికి సంబంధించింది. సీసం, పాదరసం, కొన్ని పరాన్నజీవుల తిత్తులు, ఇలా ఒక్కోదానికి విడివిడిగా పరీక్ష ఉంటుంది. 53 ఉందంటే అన్నీ తొలగిస్తుందని కాదు, ఏయే పదార్థాలకు ఉందో ఆ జాబితా చదవాలి. మందుల అవశేషాల్లాంటి వాటికి 401 ఉంది. ఈ మూడు అంకెలు తెలిస్తే డబ్బా మీది రంగురంగుల మాటల్లో సగం చదవక్కర్లేదు.

కంపెనీ ఫిల్టర్

దీనికున్న మొదటి సుగుణం, గూటిలో సరిగ్గా కూర్చోవడం. తిప్పగానే టక్కుమని పడుతుంది. ఏది ఎంత శాతం తగ్గుతుందో చెప్పే కాగితం కూడా తోడుగా వస్తుంది. కొన్ని ఫ్రిజ్‌లు ఫిల్టర్ మీద ఉండే చిన్న చిప్‌ను చదువుతాయి. అది కనిపించకపోతే డిస్పెన్సర్, అంటే ఫ్రిజ్‌లో నీళ్ళు పట్టుకునే చోటు, నీళ్ళే ఇవ్వదు. అలాంటి ఫ్రిజ్ ఉన్నవాళ్ళకు ఈ పోలికతో పెద్దగా పని లేదు, కంపెనీదే కొనుక్కోవాలి. కొన్న వస్తువును ఇలా కట్టిపడేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఫ్రిజ్ కొనేటప్పుడే ఈ విషయం అడిగి తెలుసుకోవాలి.

ఇబ్బంది ధర దగ్గర వస్తుంది. ఆరు నెలలకోసారి అంత పెట్టలేక చాలామంది వాయిదా వేస్తారు. ఆ వాయిదాలోనే అసలు నష్టం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇంకో ప్రమాదం నకిలీలు. పేరుకు విలువ ఉన్నచోటే నకిలీ పుడుతుంది. అదే డబ్బా, అదే స్టిక్కర్, లోపల ఏముందో దేవుడికే తెలియాలి. తెలియని అమ్మకందారు దగ్గర సగం ధరకే "ఒరిజినల్" అంటే నేను కొనను. అంతకంటే సొంత పేరుతో నిజాయితీగా అమ్ముతున్న బయటి ఫిల్టర్ నయం.

బయటి ఫిల్టర్

ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. "ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రమాణాల ప్రకారం పరీక్షించాం" అనేది ఒక మాట. "ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫై చేసింది" అనేది ఇంకో మాట. మొదటిది అమ్మేవాడు తన గురించి తాను చెప్పుకునేది. రెండోది సరిచూసుకోగలిగేది: మోడల్ నంబరు కొడితే ఆ సంస్థ జాబితాలో దొరకాలి, ఏ పదార్థాలకు సర్టిఫికెట్ ఉందో అక్కడే కనిపించాలి. చాలా బయటి ఫిల్టర్లకు 42 మాత్రమే ఉంటుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన తప్ప వేరే బాధ లేనివాళ్ళకు అది చాలు. పాత ఇల్లు, పాత పైపులు, సీసం భయం ఉన్నవాళ్ళకు చాలదు. వాళ్ళు 53లో సీసం పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఆ పరీక్షలో లీటరుకు 150 మైక్రోగ్రాముల సీసం కలిపిన నీళ్ళు పంపితే 5 మించకుండా బయటికి రావాలి. రుచి పరీక్షతో పోలిస్తే చాలా కఠినమైన పరీక్ష అది.

బయటి రకంలో వచ్చే ఇంకో ఇబ్బంది కొలత. కొన్ని గూటిలో వెంట్రుకవాసి బిగుతుగా ఉంటాయి, చివరి పావు మలుపు తిరగవు. సగం తిరిగి ఆగిన ఫిల్టర్‌తో నీళ్ళు సన్నగా వస్తాయి, లేదా అసలు రావు. ఓ-రింగుకు మంచినీళ్ళ తడి చేసి పెడితే చాలావరకు జారుతుంది. నూనె, గ్రీజు రాయకండి.

వెనక ట్యూబుకు పెట్టేది

మూడోది చాలామందికి తెలియదు. ఫ్రిజ్ వెనక నీళ్ళు వచ్చే సన్నటి ట్యూబుకు మధ్యలో పెట్టే ఇన్‌లైన్ ఫిల్టర్ అది. లోపలి గూటిలో ఫిల్టర్ బదులు బైపాస్ ప్లగ్ పెడతారు, అంటే నీళ్ళను వడకట్టకుండా నేరుగా పోనిచ్చే మూత. చిప్ అడగని ఫ్రిజ్ అయితే, గూడు ఎలాంటిదైనా, మోడల్ నంబరు ఏదైనా దీనికి సంబంధం లేదు. పరిమాణంలో పెద్దది కాబట్టి సాధారణంగా ఎక్కువ నీళ్ళకు సరిపోతుంది, లీటరుకు పడే ఖర్చు తక్కువ.

అయితే ఫ్రిజ్‌ను ముందుకు జరపాలి, నీళ్ళ వాల్వ్ కట్టేయాలి, ట్యూబును అడ్డంగా, తిన్నగా కోయాలి. ఏటవాలుగా కోస్తే సీలు పడదు. ఫిల్టర్ మీది బాణం గుర్తు ఫ్రిజ్ వైపు ఉండాలి. ట్యూబును లోపలికి పూర్తిగా తోసి, ఒకసారి వెనక్కి లాగి చూడాలి. ఊడి రాకపోతే పడినట్టు. పెట్టాక రెండు రోజులు ఫ్రిజ్‌ను గోడకు ఆనించకుండా, కింద పొడి కాగితం పరిచి ఉంచమంటాను. వెనక కారేది కళ్ళకు కనపడదు, నేల ఉబ్బాక తెలుస్తుంది. ఇంకో సంగతి, దీన్ని ఎప్పుడు మార్చాలో ఏ లైటూ చెప్పదు. పెట్టిన తేదీ ఫిల్టర్ మీదే మార్కర్‌తో రాసుకోవాలి.

అందరికీ ఎదురయ్యేవి

పాత ఫిల్టర్ తిరగకపోతే పట్టకారు పట్టకండి, గూడు ప్లాస్టిక్, పగిలితే ఖర్చు పెద్దది. నీళ్ళ వాల్వ్ కట్టేసి, డిస్పెన్సర్ మీట నొక్కి లోపలి ఒత్తిడి వదిలేయండి. తర్వాత రబ్బరు గ్లవ్ వేసుకుని తిప్పితే చేతికి పట్టు దొరుకుతుంది. తీశాక దాని రింగులు లెక్కపెట్టండి, నాకు జరిగింది మీకు జరగకూడదు.

కొత్తది పెట్టాక మొదటి నీళ్ళు తెల్ల గిన్నెలో పట్టి చూడండి. అడుగున సన్నటి నల్లపొడి దిగితే అది బొగ్గు నుసి. అదే గ్లాసులో నీళ్ళు తెల్లగా మబ్బుగా ఉండి, కింది నుంచి పైకి తేటపడుతూ వస్తే అది గాలి. రెండూ హాని చేయవు, రెండూ పోతాయి. 12 నుంచి 15 లీటర్లు ఆగి ఆగి వదిలేయాలి, మొదటి రెండు మూడు విడతల ఐసు పారేయాలి. చాలామంది రెండు గ్లాసులు వదిలి "ఈ ఫిల్టర్ బాగాలేదు" అని తేల్చేస్తారు. మీట వదిలాక కూడా చుక్కలు పడుతుంటే లోపల గాలి చిక్కుకుందని అర్థం, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

నీళ్ళు సన్నగా వస్తే కొత్త ఫిల్టర్ కొనే ముందు ఒక్క పని చేయండి. ఫిల్టర్ తీసి బైపాస్ ప్లగ్ పెట్టి చూడండి. ధార పెరిగితే తప్పు ఫిల్టర్‌ది. పెరగకపోతే వెనక వాల్వ్ సగమే తెరిచి ఉండొచ్చు, ట్యూబు మడత పడి ఉండొచ్చు, తలుపు లోపలి ట్యూబులో నీళ్ళు గడ్డకట్టి ఉండొచ్చు.

ఎర్ర లైటు చూసి టెన్షన్ పడక్కర్లేదు. చాలా ఫ్రిజ్‌లలో అది రోజుల్ని, లేదా వాడిన నీళ్ళను లెక్కపెడుతుందంతే. నీళ్ళు ఎలా ఉన్నాయో దానికి తెలియదు. కొత్త ఫిల్టర్ పెట్టినా బటన్ మూడు సెకన్లు నొక్కిపట్టేదాకా ఆరకపోవచ్చు. అలాగని ఉత్తినే రీసెట్ చేసుకుంటూ పాతదాన్నే వాడటం మంచిది కాదు. ఇందాక చెబుతానన్న నష్టం ఇదే. చాలా ఫిల్టర్ల సామర్థ్యం 750 నుంచి 1,100 లీటర్లు. రోజుకు నాలుగు లీటర్లు పట్టే ఇంట్లో ఆరు నెలలకే 730 అవుతాయి. తక్కువ వాడినా గడువు గడువే, ఎందుకంటే క్లోరిన్‌ను తీసేసిన తడి బొగ్గులో బాక్టీరియా స్థిరపడుతుంది. నీళ్ళు మంచివే అని తెలిసిన చోట, ఏడాది దాటిన ఫిల్టర్ కంటే బైపాస్ ప్లగ్ పెట్టుకుని నేరుగా కుళాయి నీళ్ళు తాగడమే నయమని నా గట్టి అభిప్రాయం.

నా ఎంపిక

చిప్ లేని ఫ్రిజ్ అయితే, జాబితాలో పేరు దొరికే, 53 ఉన్న బయటి ఫిల్టర్. సమయానికి మార్చగలిగే ధరలో ఉండేది అదే, నేను వాడుతున్నదీ అదే. సొంత ఇల్లు, నీళ్ళ వాడకం ఎక్కువ, ఫ్రిజ్ జరపడానికి ఓపిక ఉంటే ఇన్‌లైన్. గ్యారంటీ ఇంకా నడుస్తుంటే, లేదా ఇంట్లో ఈ పని చేసేవాళ్ళు లేకపోతే, నమ్మకమైన చోట కొన్న కంపెనీ ఫిల్టర్.

ఏది పెట్టినా క్లోరిన్ చూసే పేపర్ స్ట్రిప్‌లు కొన్ని దగ్గర ఉంచుకోండి. ఒకటి కుళాయి నీళ్ళలో, ఒకటి డిస్పెన్సర్ నీళ్ళలో ముంచి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే, కొత్త ఫిల్టర్‌తో రంగులో తేడా స్పష్టంగా ఉంటుంది. రెండు స్ట్రిప్‌లూ ఒకే రంగుకు వచ్చిన రోజున లైటు వెలగకపోయినా ఫిల్టర్ మార్చేయండి.