ఇద్దరికి 1 లీటర్ రైస్ కుక్కర్ చాలా? నాలుగేళ్ళు వాడాక చెప్తున్నా

మా ఇంట్లో ఇద్దరమే, నేనూ మా అమ్మా. నల్లకుంటలో చిన్న ఇల్లు, వంటింట్లో గట్టు మీద స్టవ్, మిక్సీ పోగా మిగిలేది రెండు జానల చోటు. 2021లో కొన్న 1 లీటర్ ఎలక్ట్రిక్ కుక్కర్ ఆ చోట్లోనే కూర్చుని నాలుగేళ్ళకి పైగా రోజూ రెండు పూటలా అన్నం వండుతోంది. కొత్తలో రాసుంటే అన్నీ బావున్నాయనే రాసేదాన్ని. ఇప్పుడు ఏది పాడవుతుందో, ఏది నిలబడుతుందో తెలిసింది కాబట్టి వివరంగా రాస్తున్నా.

దీనికంటే ముందు 1.8 లీటర్‌ది కొన్నాం. అన్నయ్యా వదినా పిల్లల్తో వస్తే ఎలా, పండక్కి ఎవరన్నా దిగితే ఎలా, ఇంకో మూడొందలు వేస్తే పెద్దదే వస్తుంది కదా అని. వాళ్ళు వచ్చేది ఏడాదిలో నాలుగైదు సార్లు, మిగతా రోజులన్నీ ఆ వెడల్పాటి గిన్నెలో ఒక్క కప్పు బియ్యం పోస్తే అడుగున పల్చగా పరుచుకునేవి, 700 వాట్స్ వేడికి ఎసరు బియ్యంలోకి ఇంకే లోపే సగం ఆవిరైపోయి స్విచ్ టక్కున పడిపోయేది. మూత తీస్తే పైన పలుకు, కింద మాడు చెక్క. అమ్మ ఒక మెతుకు వేళ్ళ మధ్య నలిపి చూసి "మళ్ళీ పలుకుందే" అనేది. నీళ్ళు ఎక్కువ పోస్తే ముద్ద. తప్పు నీళ్ళదనుకుని ఆర్నెల్లు కొలతలు మారుస్తూనే ఉన్నా, అసలు తప్పు గిన్నె సైజుది.

ఎందుకంటే ఈ మామూలు కుక్కర్లకి టైమర్ ఏమీ ఉండదు. గిన్నె అడుగున తగిలేలా మధ్యలో ఒక గుండ్రటి బొడిపె ఉంటుంది చూశారా, దాని లోపల అయస్కాంతం ఉంటుంది. గిన్నెలో నీళ్ళున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, నీళ్ళు అయిపోగానే పైకెళ్తుంది, ఓ మూడు నాలుగు డిగ్రీలు దాటేసరికి అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్విచ్ వార్మ్‌లోకి (వండటం ఆపి అన్నాన్ని వేడిగా మాత్రం ఉంచే దశ) పడుతుంది. అంటే దానికి అన్నం ఉడికిందా లేదా తెలీదు, అడుగున నీళ్ళు అయిపోయాయా లేదా అన్నదే తెలుసు. వెడల్పు గిన్నెలో కాసిని బియ్యానికి నీళ్ళు ముందే అయిపోతాయి. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, చుట్టాలు వచ్చిన రోజు ఎంత వండుతారో చూసి కొనకండి, మీ ఇంట్లో అన్నిటికంటే తక్కువ వండే పూట ఎంత వండుతారో చూసి కొనండి. మా అన్నయ్య వాళ్ళు వస్తే ప్రెషర్ కుక్కర్ తీస్తాం, అది ఎటూ ఇంట్లో ఉంటుంది.

ఇంకోటి, డబ్బా మీద 1 లీటర్ అని ఉంటే 1 లీటర్ బియ్యం అనుకోవద్దు. ఒకరు గిన్నె నిండా పట్టేది రాస్తారు, ఒకరు వండిన అన్నం లెక్క రాస్తారు. షాపులో "పచ్చి బియ్యం ఎన్ని గ్రాములు వండొచ్చు" అని అడగండి, లేదా డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో చూడండి. మా దాంట్లో రెండు కప్పుల బియ్యం హాయిగా వండొచ్చు, మూడో కప్పు పోస్తే గంజి పొంగి గట్టంతా పారుతుంది. కప్పు సంగతి కూడా చెప్పాలి, చాలావాటితో వచ్చే ప్లాస్టిక్ కప్పు జపాన్ కొలత, 180 మిల్లీలీటర్లు, బియ్యం పోస్తే సుమారు 150 గ్రాములు. మన స్టీల్ గ్లాసు దానికంటే పెద్దది. మొదటి వారం బియ్యం కప్పుతో, నీళ్ళు గ్లాసుతో పోసి జావ చేసుకున్నాం. దేనితో కొలిచినా సరే, బియ్యానికీ నీళ్ళకీ ఒక్కటే వాడండి. మా అమ్మకి చిన్నప్పట్నుంచీ గిద్దె, సోల లెక్కలే అలవాటు, ఇప్పటికీ ఆ కప్పుని చేత్తో పట్టుకోదు, తన గిద్దెతోనే కొలుస్తుంది, అన్నం మాత్రం నాకంటే బాగా కుదురుతుంది.

నీళ్ళ విషయంలో కుక్కర్ కన్నా బియ్యమే ముఖ్యం. ఇది చేసేది అత్తెసరు అన్నమే, గంజి వార్చడం ఉండదు, కాబట్టి కొలత తప్పితే సరిచేసే దారి లేదు. పాత బీపీటీ (సాంబా మసూరి) బియ్యానికి ఒకటికి రెండున్నర పోస్తున్నా, కొత్త బియ్యానికి రెండు కూడా ఎక్కువే, ఒకటీ ముప్పావుతో మొదలుపెట్టండి. అమ్మకి షుగర్ అని రెండేళ్ళుగా తెలంగాణ సోనా తెస్తున్నాం, అదేనండీ మన రాజేంద్రనగర్‌లో పుట్టిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, గింజ బాగా సన్నం, దానికి నీళ్ళు కొంచెం తగ్గించాలి. కిరాణా అతన్ని బస్తా పాతదా కొత్తదా అని అడిగి తెచ్చుకుంటే సగం పని అయినట్టే. బియ్యం మూడుసార్లు కడిగి ఇరవై నిమిషాలు నానబెడతా, స్విచ్ పడ్డాక ఇంకో పది నిమిషాలు మూత తియ్యకుండా ఉమ్మగిలనిస్తా. ఈ పది నిమిషాలు ఓపిక పట్టకపోతే పైన పొడిగా కింద చెమ్మగా ఉంటుంది, అప్పుడు కుక్కర్‌ని తిట్టుకుని లాభం లేదు.

ఇక ఇబ్బందులు. మొదటిది పొంగడం. చిన్న గిన్నె కదా, గాజు మూత చిల్లులోంచి గంజి నురగ బుసబుసమని వచ్చి పక్కనుంచి కారి స్విచ్ దాకా పోయేది. బాగా కడగడం, ఎసట్లో అర చెంచా నూనె వెయ్యడం, ఈ రెండిటితో చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆవిరి సంగతి మాత్రం ఆలస్యంగా చూశాం, పైనున్న కప్‌బోర్డు ప్లైవుడ్ అంచు ఉబ్బి పొర లేచిపోయింది. ఇప్పుడు వండేటప్పుడు గట్టు ముందుకి లాగి పెడుతున్నాం.

రెండోది గిన్నె. రెండో ఏడు పనమ్మాయి చేతిలోంచి జారి సింక్‌లో పడింది, అడుగున అర రూపాయి బిళ్ళంత సొట్ట. చూడ్డానికి ఏమీ లేదు, కానీ ఆ రోజు నుంచి అన్నం ఒక పక్క ఉడికి ఒక పక్క పలుకు. గిన్నె అడుగు ప్లేటుకి పూర్తిగా ఆనకపోతే వేడి సమంగా ఎక్కదు, ఒక్క బియ్యపు గింజ కింద పడి అడ్డం ఉన్నా ఇదే గొడవ. బేగంబజార్‌లో గిన్నెల షాపులన్నీ తిరిగాం, వ్యాసం సరిపోతే లోతు సరిపోదు, అంచు సరిపోతే అడుగు కూర్చోదు. చివరికి కంపెనీ గిన్నె తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. అందుకే రెండు గిన్నెలు ఇచ్చే మోడల్ దొరికితే వంద ఎక్కువైనా అదే తీసుకోండి. గిన్నెలో నాన్‌స్టిక్ పూత ఉంటే స్టీల్ హస్తం పెట్టొద్దు. మా దాంట్లో పూత లేదు, మామూలు అల్యూమినియం, అందుకే పులిహోరకి చింతపండు పులుసు దాంట్లో ఎప్పుడూ కలపం, అన్నం పళ్ళెంలోకి తీసి ఆరబెట్టి కలుపుతాం.

మూడోది, ఒకరోజు నేను ఆఫీసు హడావిడిలో నీళ్ళు పొయ్యకుండానే నొక్కేశా. కాసేపటికి మాడు వాసన, తర్వాత లైటు కూడా వెలగలేదు. పోయింది అనుకున్నాం, కోఠిలో రిపేర్ చేసే ఆయన విప్పి "థర్మల్ ఫ్యూజ్ పోయింది మేడమ్, అది పోయింది కాబట్టే మిగతాది బతికింది" అని పావుగంటలో మార్చేశాడు. పార్ట్ కన్నా మా ఆటో కిరాయే ఎక్కువైంది. లైటు వెలగట్లేదని పారెయ్యకండి, ముందు ఒకసారి చూపించండి. ఇంట్లో మాత్రం ఆ ఫ్యూజ్‌ని వైరుతో కలిపేసుకోవద్దు, వేడి అదుపు తప్పితే కరెంటు ఆపేది అదే.

వార్మ్ గురించి అందరూ గొప్పగా చెప్తారు, నా అనుభవంలో రెండు గంటల దాకా బాగుంటుంది, అమ్మ ఏడున్నరకి తింటుంది, నేను మెట్రో దిగి వచ్చేసరికి తొమ్మిది, అప్పటికి ఇంకా మెత్తగా వేడిగా ఉంటుంది. నాలుగు గంటలు దాటితే అంచుల్లో ఎండి అడుగు పసుపు రంగు తిరుగుతుంది. ఆపేసి రాత్రంతా గిన్నెలోనే వదిలెయ్యడం మాత్రం వద్దు, ముఖ్యంగా ఎండాకాలం, వండినా చావని సూక్ష్మజీవులు అన్నంలో ఉంటాయి, మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.

కందిపప్పు దీంట్లో వండాలనుకోకండి, గంటైనా బద్ద మెదగదు, పైగా పొంగి పాడు చేస్తుంది. పెసరపప్పు పులగం అద్భుతంగా వస్తుంది, ఉప్మా కూడా పర్లేదు. కరెంటు భయం అక్కర్లేదు, మాది 400 వాట్స్, అరగంట వండితే 0.2 యూనిట్, రెండు పూటలకీ కలిపి నెలకి 12 యూనిట్లు. మామూలు 6 ఆంప్స్ ప్లగ్గే చాలు.

నిజానికి అమ్మ కోసమే కొన్నా దీన్ని. కీళ్ళ నొప్పులతో ప్రెషర్ కుక్కర్ మూత తిప్పలేకపోతోంది, విజిల్స్ లెక్క మర్చిపోయి రెండుసార్లు స్టవ్ మీద మాడ్చేసింది, నేను ఆఫీసులో కూర్చుని ఫోన్ చేసి స్టవ్ కట్టేశావా అని అడిగేదాన్ని. ఇప్పుడు ఆ ఫోన్ చెయ్యట్లేదు. షాపుకి వెళ్తే మీరు కూడా పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి, ఆ స్విచ్ వాళ్ళ వేలికి తేలిగ్గా దిగుతోందా, గిన్నె ఒంటి చేత్తో బయటికి వస్తోందా, వైరు విడిగా ఊడి వస్తుందా, వాళ్ళ చేతే చేయించి చూడండి. మా దాని వైరు ఊడదు, తుడిచేటప్పుడు రోజూ అడ్డమే, ఈసారి మారిస్తే మొదట అదే చూస్తా.