పాత వ్యాన్‌కి ఏ ఫ్లాషర్: థర్మలా, ఎలక్ట్రానిక్కా?

బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర మా వ్యాన్ ఇండికేటర్ వేస్తే లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. వెనకాల ఆటో ఆయన హారన్ వాయించేశాడు.

ఒక పక్కే తేడా చేస్తే బల్బో, దాని ఎర్తో అయ్యుంటుంది. మాకు రెండు పక్కలా అదే తంతు. ఫ్లాషర్ (ఇండికేటర్ లైట్లు వెలిగి ఆరేలా చేసే చిన్న డబ్బా) ఊడదీసి, సాకెట్లో బి (బ్యాటరీ నుంచి వచ్చేది), ఎల్ (లైట్లకి వెళ్లేది) పిన్నుల్ని చిన్న వైరు ముక్కతో కలిపి మళ్లీ ఇండికేటర్ వేశాను. రెండు పక్కలా లైట్లు నిలకడగా వెలిగాయి. అంటే వైరింగ్ బాగుంది, పోయింది ఫ్లాషరే.

జేసీ రోడ్డులో షాపాయనది మన చిత్తూరు యాస. రెండు డబ్బాలు ముందు పెట్టాడు.

థర్మల్ రకంలో లోపల లోహపు రేకు ఉంటుంది. బల్బుల కరెంటుకి వేడెక్కి వంగుతుంది, చల్లారి వెనక్కొస్తుంది. మనం వినే టిక్ టిక్ అదే. రెండు 21 వాట్ల బల్బులు 12 వోల్టుల మీద 3.5 ఆంపియర్లు లాగుతాయి. ఎల్ఈడీలు పెడితే అంత కరెంటు ఉండదు, రేకు కదలదు. చవక, అంతే.

ఎలక్ట్రానిక్‌లో టైమింగ్ సర్క్యూట్‌ది. బ్యాటరీ కాస్త డల్లయినా వేగం పెద్దగా మారదు. చాలావాటిలో ఒక బల్బు పోతే గబగబా కొట్టుకుని చెప్పేస్తుంది, నాకు నచ్చింది ఇదే. కాకపోతే ప్లస్, మైనస్ తారుమారైతే పనిచేయదు. కొన్నింటికి ఎర్త్ వైరు కూడా కావాలి. పిన్నుల మీద గుర్తులు చూసుకునే గుచ్చాలి.

ఎలక్ట్రానిక్‌దే తెచ్చాను. చప్పుడు మాత్రం బాగా తక్కువ. నాన్నకి వినబడక, మలుపు తిరిగాక కూడా ఇండికేటర్ అలాగే వదిలేస్తున్నారు.