మా పుస్తకాల దుకాణం వెబ్‌సైటును సర్దించుకున్న అనుభవం: ఒక సేవపై సమీక్ష

కోఠిలో మా కుటుంబం నడిపే పుస్తకాల దుకాణానికి 7 ఏళ్లుగా వెబ్‌సైటు ఉన్నప్పటికీ, అందులో కావలసింది దొరకక దుకాణానికి ఫోన్ చేసేవారే ఎక్కువగా ఉండేవారు. "మీ సైటే చూస్తున్నానండీ, గ్రూప్-2 ఎకానమీ తెలుగు మీడియం ఎక్కడుందో కనబడటం లేదు" అని అడిగినవారికి మా తమ్ముడు ఒక్కొక్క మెట్టూ ఫోన్‌లోనే చెప్పవలసి వచ్చేది. దీనిని చక్కదిద్దడానికి గత ఏడాది అమీర్‌పేటలో ఇద్దరు భాగస్వాములు నడిపే ఒక చిన్న సంస్థకు పని అప్పగించాము. వారు కొత్త సైటు తయారు చేయరు. ఉన్న సమాచారాన్ని ఏ పేర్ల కింద, ఏ క్రమంలో ఉంచాలో తేల్చి, ఆ ప్రకారం సర్దించి ఇస్తారు. 2 నెలల్లో ముగిస్తామన్న పనికి 3 నెలలు పట్టింది, 65 వేల రూపాయలు ఖర్చయింది. లోపాలను కూడా దాచకుండా రాస్తున్నాను కనుక సంస్థ పేరు చెప్పడం లేదు. ఇటువంటి సేవ కోసం వెతుకుతున్న చిన్న వ్యాపారులకు ఈ వివరాలు ఉపయోగపడతాయని నా ఆశ.

మొదటి 3 రోజులు వారు కంప్యూటర్ ముట్టుకోలేదు. బిల్లు కౌంటర్ పక్కన స్టూలు వేసుకొని కూర్చొని, వచ్చిన ప్రతివారూ పలికిన మొదటి వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా నోటుపుస్తకంలో రాసుకున్నారు. "డీఎస్సీ ఎస్జీటీకి మొత్తం సెట్టు ఎంతవుతుంది?", "పోయినేడాది కొన్న పుస్తకం పనికొస్తుందా, మళ్లీ కొనాలా?", "మా పాప టెన్త్, మ్యాథ్స్ గైడు కావాలి", "వరంగల్‌కు పార్సిల్ ఎన్ని రోజులకు వస్తుంది?" వంటి మాటలతో పేజీలు నిండాయి. ఆ పుస్తకాన్ని సాయంత్రం నా చేతికిచ్చి, ఇందులో ప్రచురణకర్త పేరుతో అడిగినవారు ఎందరో లెక్కపెట్టమన్నారు. ఇద్దరే ఉన్నారు. మా సైటు మాత్రం మొదటి పేజీ నుంచి చివరిదాకా ప్రచురణకర్తల వారీగానే ఉండేది, ఎందుకంటే మా ర్యాకులు అలా ఉన్నాయి, మా బిల్లులు అలా వస్తాయి, తిరిగి పంపే పుస్తకాలనూ అలాగే కట్టలు కడతాము. మాకు వీలైన క్రమాన్నే కొనేవారికీ వీలైన క్రమమని ఇన్నేళ్లు నమ్మినందుకు నిజంగా బాధ కలిగింది.

తరువాత పుస్తకాల పేర్లను, డెలివరీ, వాపసు వంటి విషయాలను కలిపి 120 చీటీలపై రాశారు. 8 మంది కొనుగోలుదారులను మేడమీద గదికి పిలిచి, చాప మీద చీటీలు పరచి, ఏవి ఏవి కలిసి ఉండాలో కుప్పలు పెట్టి, ప్రతి కుప్పకూ పేరు కూడా వారినే పెట్టమన్నారు. పంచాంగం, వ్రతకథలు, శతకాలు, వంటల పుస్తకం ఒకచోట చేర్చిన ఒక గృహిణి ఆ కుప్పకు "ఇంట్లోకి" అని పేరు పెట్టారు. మేము 'ఆధ్యాత్మికం', 'సాహిత్యం', 'ఇతరములు' అని మూడుచోట్ల విడదీసిన పుస్తకాలు అవి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ నుంచి వచ్చిన కానిస్టేబుల్ అభ్యర్థి కరెంట్ అఫైర్స్ మాసపత్రికలను పత్రికల్లో పెట్టలేదు, తాను రాయబోయే పరీక్ష పక్కనే పెట్టుకున్నాడు. తెలంగాణ ఉద్యమ చరిత్ర చీటీని ముగ్గురు మూడు వేర్వేరు కుప్పల్లో వేశారు. వారిలో ఎవరిది తప్పని అనగలం?

ఆ చీటీ దగ్గరే ఈ సేవ విలువ నాకు పూర్తిగా అర్థమైంది. ర్యాకులో ఒక ప్రతి ఒక్కచోటే నిలబడగలదు, సైటులో ఆ నిర్బంధం లేదు. ఒక పుస్తకానికి పరీక్ష ఒక ముఖం, విషయం మరొక ముఖం, మీడియం, ఎడిషన్ ఇంకా రెండు ముఖాలు. ఏ ముఖం వైపు నుంచి వచ్చినా పుస్తకం కనబడాలి. ఆన్‌లైన్ దుకాణాల్లో ఈరోజు మనం వాడే ఫిల్టర్ల వెనుక ఉన్న ఈ ఆలోచనను, 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణ అనే పుస్తకాల విభజన పద్ధతితో గ్రంథాలయాలకు క్రమబద్ధంగా అందించినవారు భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్. అంతకు రెండేళ్ల ముందే, 1931లో, ఆయన ప్రకటించిన అయిదు గ్రంథాలయ శాస్త్ర సూత్రాల్లో నాలుగవది పాఠకుని సమయాన్ని ఆదా చేయమంటుంది. పుస్తకాలు అమ్ముకొని బతికే మేము ఆ సూత్రాన్ని ఎన్నడో పాటించి ఉండవలసింది.

భాష విషయంలో వారు చూపిన శ్రద్ధను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. అర్థశాస్త్రం అనే మాటను చాలామంది 'అర్ధశాస్త్రం' అని టైపు చేస్తారు, కొందరు ఎకానమీ అనీ, కొందరు ఎకనామిక్స్ అనీ వెతుకుతారు. భూగోళశాస్త్రానికి జాగ్రఫీ ఉంది. 2024లో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ టీజీపీఎస్సీగా మారినా, టీఎస్‌పీఎస్సీ అని వెతికేవారు ఇంకా ఉన్నారు. ఏ రూపంలో వెతికినా ఒకే పేజీకి చేరేటట్లు ఇటువంటి మాటల జతలను పట్టికగా రాసి సెర్చ్‌లో చేర్చారు. మా పాత కేటలాగు పీడీఎఫ్‌లు యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే అక్షర సంకేత పద్ధతి) కాని డీటీపీ ఫాంట్లలో ఉన్నందువల్ల, కంటికి తెలుగుగా కనిపిస్తున్నా సెర్చ్‌కు అవి అర్థంలేని గుర్తులేనని మాకు తెలిసింది కూడా వారి వల్లనే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, అక్షరదోషాలు దిద్దడానికే దాదాపు 3 వారాలు పట్టింది. ఆలస్యంలో ఎక్కువ భాగం దీనిదే కనుక దానిని నేను తప్పుగా లెక్కించను.

తప్పుగా లెక్కించవలసినవి వేరే ఉన్నాయి. సర్దుబాటులో పేజీల చిరునామాలు మారినప్పుడు, పాత చిరునామా నొక్కినవారిని కొత్త పేజీకి పంపే ఏర్పాటు చేయడం వారు మరచిపోయారు. కోచింగ్ సెంటర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతున్న మా లింకులన్నీ 10 రోజులపాటు 'పేజీ లేదు' అని చూపించాయి. అది నోటిఫికేషన్ వచ్చిన సమయం కావడంతో అమ్మకాలు దెబ్బతిన్నాయి, దుకాణం మూసేశారా అని కూడా కొందరు అడిగారు. క్షమాపణ చెప్పి సరిచేశారు కానీ, ఇది వారి వృత్తిలో మొదటి పాఠం కావలసిన విషయం. అలాగే, చీటీల పరీక్షలో జనం చెప్పిన సులువైన పేర్లను పక్కనబెట్టి ఒక శీర్షికకు 'అధ్యయన వనరులు' అని పెట్టారు. చివరి పరీక్షలో, బొమ్మలూ రంగులూ లేకుండా శీర్షికల పేర్లు మాత్రమే కాగితంపై చూపి "పాత ప్రశ్నపత్రాలు ఎక్కడుంటాయి?" అని అడిగితే, ఆ శీర్షిక వైపు ఒక్కరి వేలూ పోలేదు. దానిని 'పాత ప్రశ్నపత్రాలు' అనే మార్చారు.

ఇప్పుడు మొదటి పేజీలో పరీక్షల పేర్లు, తరగతులు, 'ఇంట్లోకి', డెలివరీ వివరాలు అనే నాలుగు దారులే ఉన్నాయి. ప్రతి పుస్తకం పేజీలో ఎడిషన్ సంవత్సరం, పాత ఎడిషన్ ఉన్నవారు మళ్లీ కొనాలా అక్కరలేదా అన్న ఒక వాక్యం పైనే కనిపిస్తాయి. దారి అడిగే ఫోన్లు చాలావరకు తగ్గాయి. ఇప్పుడు వచ్చే ఫోన్లు స్టాకు గురించే. పాఠశాలలకు, గ్రంథాలయాలకు టోకున అమ్మే విభాగాన్ని సర్దే పని కూడా వారికే ఇచ్చాము. ఈసారి మాత్రం పాత లింకుల జాబితా తయారు చేసి, ప్రతిదాన్నీ నొక్కి చూపించిన తరువాతే చివరి విడత సొమ్ము చెల్లిస్తామని ఒప్పందంలో రాయించుకున్నాము.